కూలర్ చెప్పులు

మా నంద్యాలలో ఏ ఇంట్లోకి పోయినా కూలర్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు కనిపిస్తాయి. అవి ఇంట్లో ఎవరివీ కావు, కూలర్‌వి. నీళ్లు పోయాలన్నా, స్విచ్ తిప్పాలన్నా, దాన్ని కాస్త పక్కకు జరపాలన్నా ముందు ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టాలి. కొత్తగా వచ్చిన కోడలికి ఉప్పు డబ్బా ఎక్కడుందో చూపించినట్టే వీటినీ చూపిస్తారు. చుట్టాలొస్తే, "ఆ కూలర్ రోంత కొడతాది, చెప్పులేసుకొని ముట్టుకోండి" అంటారు, మా కుక్క మొరుగుతుంది గానీ కరవదులే అన్నంత మామూలుగా. ఇనప రేకు డబ్బా మనిషికి షాకు కొడుతుంటే, అట్లాంటి దాన్ని అంగడివాడు ఎందుకు అమ్మాడు, మనం ఎందుకు కొన్నాం అని అడిగే నోరు ఒక్కటీ ఉండదు.

నాకు ఒళ్లు మండేది అక్కడే. ఆళ్లగడ్డ హైస్కూల్లో ఏళ్ల తరబడి సైన్సు చెప్పినదాన్ని. కరెంటు పాఠం వచ్చినప్పుడల్లా మూడు పిన్నుల ప్లగ్గు చేత్తో పట్టుకుని, "ఇదిగో, పైనున్న ఈ లావు పిన్ను మీ ప్రాణం కోసం పెట్టింది, దీన్ని తీసేసేవాడు మూర్ఖుడు" అని చెప్పేదాన్ని. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు, ఇంటికి పోయి బుద్ధిగా చెప్పులు వేసుకునేవాళ్లు. రిటైరయ్యాక టీచర్లు ఓట్లేసి నన్ను శాసనమండలికి పంపించారు. నోటి దురుసు మనిషి, ఎవరికీ జంకదు, మన జీతాల గురించి గట్టిగా అరుస్తుంది అనుకుని వేశారు. నేను పోయి కూలర్ల గురించి అరిచాను. అందుకు వాళ్లలో కొందరికి ఇప్పటికీ నా మీద గుర్రే.

అదెట్లా మొదలైందో చెబుతాను. మంచి ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మా ఇంటి గేటు ముందు ఒకామె నిలబడి ఉంది. రోడ్డు మీద తారు మెత్తబడి అంటుకుంటోంది, ఆమె కాళ్లకు చెప్పుల్లేవు. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు మోపుతూ, అది ఎత్తి ఇది మోపుతూ నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నీలం పట్టీల రబ్బరు చెప్పులు. దగ్గరికి పోతే గుర్తుపట్టాను. ఆళ్లగడ్డలో నా దగ్గర చదివిన పిల్ల. మొగుడు బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టే పని చేస్తాడని విన్నాను.

"ఏమ్మే, బుద్ధుందా నీకు? చెప్పులు చేతిలో పెట్టుకుని ఈ ఎండలో వట్టి కాళ్లతో నడిచేదేంది?" అని కసిరాను.

"ఇవి ఏసుకోను టీచరమ్మా. ఇవేసుకొనే మా ఆయన్ను సంపుకున్నా" అంది.

లోపలికి తీసుకుపోయి, కాళ్లమీద నీళ్లు పోయించి, కూర్చోబెట్టి అడిగాను. వాళ్లుండేది ఆళ్లగడ్డలోనే, కూలర్ మాత్రం నంద్యాల అంగట్లో కొన్నది. ఆ రోజు మొగుడు బేతంచెర్ల నుంచి ఇంటికొచ్చి, స్నానం చేసి, తడి కాళ్లతో కూలర్లో నీళ్లు పోయబోయాడు. చెప్పులు వాటి చోట లేవు. ఈమె వాటిని తొడుక్కుని సందు చివరి అంగడికి పెరుగు కోసం పోయింది. తిరిగొచ్చేసరికి అతను కూలర్‌ను పట్టుకునే ఉన్నాడు. పిలిస్తే పలకలేదు.

దినాలకు వచ్చిన జనం ఒక్కరూ కూలర్‌ను తిట్టలేదట. దాన్ని అమ్మినవాణ్ని తిట్టలేదట. అందరూ చెప్పుల గురించే మాట్లాడారు. అత్త అయితే వచ్చిన ప్రతి మనిషికీ కోడలి కాళ్లు చూపించి, "ఆ చెప్పులు ఆడ ఉండింటే నా కొడుకు బతికుండేటోడు. ఇది ఏసుకపోయె" అని ఏడ్చింది. బిడ్డ పోయిన తల్లి దుఃఖం నాకు అర్థం కాకపోలేదు. కానీ ఆ దుఃఖానికి దారి చూపించిన ఊరి బుద్ధిని ఏమనాలి? చంపినవాడు అంగట్లో ఫ్యాను కింద కూర్చున్నాడు, పెరుగు తేవడానికి పోయిన ఆడది హంతకురాలైంది.

"సైన్సు చెప్పినారు కదా టీచరమ్మా, నిజం చెప్పండి. తప్పు నాదేనా?"

"నీది కాదు. మనిషిని కొట్టే కూలర్‌ను అమ్మినవాడిది" అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మీరొక్కరు ఈడ చెప్తే మా అత్త వింటాదా? మీరు ఆడ పెద్ద సభలో మాట్లాడతారంట కదా, టీవీలో వస్తాదంట కదా. ఆడ చెప్పండి, అందురూ వినేట్టు. మా అత్త వినాల. అంతవరకు నేను కాళ్లకు ఏమీ ఏసుకోను."

ఆ చెప్పుల కవరు నా బల్ల మీద పెట్టింది. ఇంట్లో పెట్టుకోలేను, పారేయనూ లేను, మీరే ఉంచండి అంది. నష్టపరిహారం అడగలేదు, ఉద్యోగం అడగలేదు. నా దగ్గరికి బదిలీల కోసం, బిల్లుల కోసం వచ్చేవాళ్లే గానీ ఇట్లాంటి కోరికతో వచ్చిన మనిషి లేదు. తప్పకుండా చెబుతానని మాటిచ్చాను.

"సరే, కూలర్ ఏదీ? దాన్ని పరీక్ష చేయించాలి" అన్నాను.

"అంగడాయప్ప తీసుకపోయినాడమ్మా. పానం తీసిన వస్తువు ఇంట్లో ఉంటే ఇంకొకర్ని తీస్తాదంట. దేవునట్లాంటోడు, ఆయనే ఆటో తెచ్చి ఎత్తుకపోయె."

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మావైపు ఇదొక ఆచారం. ప్రాణం తీసిన వస్తువును ఇంట్లో ఉంచరు. మనిషి జారిపడిన నిచ్చెనను ముక్కలు చేసి పొయ్యిలో పెడతారు. మనిషిని చంపిన మోటార్ సైకిల్‌ను ముఖం తెలియని పరాయి ఊరివాడికి ఇచ్చేస్తారు. వాడి ఇంట్లో మనుషులు లేరా అని మాత్రం అడగరు. వినియోగదారుల చట్టం అంటూ మనకొకటుంది, అమ్మినవాడు, తయారుచేసినవాడు జవాబు చెప్పాలని అందులో ఉంది. కానీ చేతిలో వస్తువు లేకపోతే ఆ చట్టం ఏం చేస్తుంది? వీళ్లు సాక్ష్యాన్ని పీడ అనుకుని వాకిలి దాటించారు. వాడు దాన్ని పుణ్యాత్ముడి ముఖం పెట్టుకుని మోసుకుపోయాడు.

పోల్చుకోవడానికి గుర్తేమైనా ఉందా అని అడిగితే ఒకటి చెప్పింది. కూలర్ కాలు ఒకటి విరిగితే, మొగుడు ఫ్యాక్టరీ నుంచి బండ ముక్క తెచ్చి, నున్నగా పాలిష్ పట్టి, దాని కింద అతికించాడట. ఆ మాట చెప్పేటప్పుడు మొదటిసారి ఏడ్చింది.

మర్నాడే అంగడికి పోయాను. అంగటాయన నన్ను చూసి లేచి, "రాండి మేడం, కూర్చోండి, చల్లగా ఏమన్నా తెప్పిస్తా" అన్నాడు. వెనక రేకుల షెడ్డులో వాళ్లే డబ్బాలు వంచి, మోటార్లు బిగించి, పైన మెరిసే స్టిక్కరు అంటిస్తారు. నాణ్యత ముద్ర లేదు, పరీక్ష లేదు. వరసగా పెట్టిన కూలర్లలో ఒకదాని ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాను. రెండే పిన్నులు.

"మూడోది ఏదప్పా?"

"మన ఇండ్లల్లో మూడు బొక్కలు యాడుంటాయి మేడం? రెండుంటేనే జనం కొంటారు."

"ఇది కొడుతుందని నీకు తెలుసా, తెలీదా?"

"చెప్పులేసుకుంటే కొట్టదు మేడం. అమ్మేటప్పుడే చెప్తాం. ఈమధ్య కూలర్‌కు ఒక జత ఫ్రీగా ఇస్తాండాం గూడా" అని బల్ల కిందినుంచి కొత్త చెప్పులు తీసి చూపించాడు. వాడి ముఖంలో నా నుంచి మెచ్చుకోలు కోసం చూస్తున్న చూపు. ఆ చెప్పులతోనే వాణ్ని వాయించాలని చెయ్యి దురద పుట్టింది, నిజంగానే.

ఆళ్లగడ్డ నుంచి తెచ్చిన కూలర్ ఏం చేశావని అడిగాను. చేతులు జోడించాడు. "దాన్ని నేను అమ్ముకోల్యా మేడం. ఆ పాపం నాకెందుకు? దానమిస్తే దోషం పోతాదని మా పెద్దోళ్లు చెప్పినారు. గుమ్మడికాయ కొట్టిచ్చి, నిమ్మకాయలు కట్టి, ఇంకా కొన్ని కొత్తవాటితో కలిపి అంగన్‌వాడీలకు ఇచ్చేసినా. పసిబిడ్డలు దేవుళ్లతో సమానం కదా."

"లోపల వైరు మార్చావా? మోటారు చూశావా?"

"పెయింటు ఏయిచ్చినా మేడం. కొత్తదాని మాదిరే ఉండాది."

గుమ్మడికాయ కొట్టాడు, మూడో వైరు మాత్రం పెట్టలేదు. మనిషిని చంపిన డబ్బాకు రంగు పూసి, చంటిపిల్లలు పడుకునే గదిలో పెట్టి, పుణ్యం మూటగట్టుకున్నాడు. వాడు అబద్ధమాడుతుంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. వాడు నమ్మి చేశాడు. ఏ అంగన్‌వాడీకి పోయిందిరా అంటే, ఆటోకెత్తి పంపించినా, ఏది యాడ దించినారో నాకేం ఎరుక అన్నాడు. నేను అరిచిన అరుపులకు పక్క అంగళ్లవాళ్లు బయటికొచ్చి నిలబడ్డారు. టీచరమ్మకు ఎండ తగిలినట్టుందని ఎవడో అన్నాడు కూడా.

సంబంధిత అధికారికి ఫోన్ చేసి, ఆ కూలర్లన్నీ ఈ పూటే ఆపించండి అన్నాను. రాతపూర్వకంగా పంపండి మేడం, పరిశీలిస్తాం అన్నాడు. రాసి పంపాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. ఇక లాభం లేదని కారు తీసుకుని నేనే బయల్దేరాను. పాములపాడు వైపు తిరిగాను, కొత్తపల్లె వైపు తిరిగాను. ఏ కేంద్రంలోకి పోయినా అంగటాయన ఇచ్చిన కూలర్ ఉంటే పక్కన చెప్పులుండేవి. నేను మోకాళ్లమీద కూర్చుని కూలర్ కాళ్లు చూస్తుంటే అంగన్‌వాడీ టీచర్లు నన్ను వింతగా చూసేవాళ్లు. చట్టసభ సభ్యురాలు ఇట్లా నేలమీద వంగి చూడడం వాళ్లెప్పుడూ చూసినట్టు లేదు.

కొత్తపల్లె దాటాక ఒక ఊళ్లో దొరికింది. పిల్లలు అన్నం తిని చాపల మీద పడుకుని ఉన్నారు. మూలన ఆకుపచ్చ రంగు కొట్టిన కూలర్ గుర్రున తిరుగుతోంది. నేను దాని వైపు నడుస్తుంటే నిద్రపోని పిల్ల ఒకతి లేచి, గోడ పక్కనున్న పెద్ద చెప్పుల్లో తన చిన్న కాళ్లు దూర్చి, వాటిని ఈడ్చుకుంటూ నాకు ఎదురొచ్చింది. నాలుగేళ్లుంటాయేమో. నా ముందు చెప్పులు విడిచి, వాటిని నా కాళ్ల దగ్గరికి తోసింది.

"ఏసుకో అవ్వా. ల్యాకపోతే కొడతాది."

టీచరు మురిసిపోయింది. "అందురికీ బాగా నేర్పిచ్చినాం మేడం. చెప్పుల్లేకుండా ఒక్కరు గూడా దాని దగ్గరికి పోరు" అంది. వంగి చూస్తే ఒక కాలు కింద నున్నటి బండ ముక్క మెరుస్తోంది. దాని మీద మాత్రం రంగు పడలేదు. గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేశాను. అక్షరాలు రాకముందే ఆ బిడ్డకు మనం నేర్పిన మొదటి పాఠం అదా అని నాకు ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మీద ఇంకా కోపమొచ్చింది. పిల్లలు ఉడికిపోతారని టీచరు లబోదిబోమంటే మా ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను పంపించి, కూలర్‌ను ఆటోలో నంద్యాలకు తెచ్చుకున్నాను. దాన్ని మా వరండాలో పెట్టి, దుప్పటి కప్పాను.

అప్పటినుంచి ఇంటికొచ్చే ప్రతివాళ్లూ ఒకటే మాట. పీడను ఇంట్లో పెట్టుకున్నావు, వదిలించుకో. మీరు వదిలించుకుంటూ పోతేనే కదా అది పసిపిల్లల మధ్యకు చేరింది అంటే ముఖాలు ముడుచుకుంటారు. వినియోగదారుల కమిషన్లో ఆ పిల్ల పేరున కేసు వేయించాం, కూలర్‌ను పరీక్షకు పంపమని అడిగాం. వాయిదాలు నడుస్తున్నాయి.

వానాకాలం సమావేశాల్లో నా ప్రశ్న వచ్చింది. ఆ ఆళ్లగడ్డ ఇంట్లో టీవీ ముందు అత్త, కోడలు కూర్చుని ఉంటారని నాకు తెలుసు. నేనే ఫోన్ చేసి చెప్పాను. మంత్రిగారు లేచి కాగితం చూసి చదివారు. కూలర్ల వల్ల ప్రమాదాలేవీ ప్రభుత్వ దృష్టికి రాలేదు, ప్రజలు అవగాహనతో మెలగాలి. అవగాహనట! జనానికి ఉన్నది అవగాహన కాక మరేమిటి? చెప్పుల జత కన్నా గొప్ప అవగాహన ఎక్కడుంది? నాకు కళ్లు ఎర్రబడ్డాయి. సంచిలోంచి ఆ నీలం పట్టీల చెప్పు తీసి పైకెత్తాను.

"ఇదీ మీ దృష్టికి రాలేదా అధ్యక్షా? ఇది లేనందుకు ఒక మనిషి..."

అంతే. మిగతా మాట ఎవరికీ వినపడలేదు. సభకు చెప్పు చూపిస్తావా అని అటువైపు వాళ్లు లేచారు, ఇటువైపు వాళ్లు తలలు వంచుకున్నారు. మావైపు మనిషికి చెప్పు చూపించడమంటే ఏమిటో నాకు తెలియదా? తెలుసు. వాళ్లకూ తెలుసు, నేను చూపిస్తున్నది వాళ్లను తిట్టడానికి కాదని, వాళ్ల కళ్లబడాలని. అయినా అంత తేరగా దొరికిన అవమానాన్ని ఎవరు వదులుకుంటారు? దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు, జవాబు చెప్పాల్సినవాళ్లే నన్ను జవాబు చెప్పమన్నారు. టీవీలన్నీ ఆ సాయంత్రం దాకా నా చేతిలో చెప్పునే తిప్పితిప్పి చూపించాయి. కూలర్ అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

బయట వరండాలో మంత్రిగారు నా దగ్గరికి వచ్చారు. "అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. ఒక్క మాట విచారం చెప్పండి, గొడవ సద్దుమణుగుతుంది. అంగన్‌వాడీ పిల్లల భద్రత మీద వెంటనే ఉత్తర్వు వేయిస్తాను" అన్నారు. పిల్లల పేరు ఎత్తేసరికి ఆ నాలుగేళ్లది గుర్తొచ్చింది. నా జన్మలో తప్పు చేయకుండా ఎవరికీ క్షమాపణ చెప్పినదాన్ని కాను. ఆ రోజు సభలో లేచి నిలబడి, చెప్పు చూపినందుకు విచారిస్తున్నాను అన్నాను. నోట్లో వేపాకు పెట్టుకున్నట్టుంది. బల్లలు చరిచారు.

మంత్రిగారు మాట తప్పలేదు. ఉత్తర్వు వచ్చింది. అంగన్‌వాడీ కేంద్రాల్లో కూలర్లను తాకేటప్పుడు సిబ్బంది విధిగా రబ్బరు చెప్పులు ధరించవలెను, అవసరమైన చెప్పులను ప్రతి కేంద్రానికీ సరఫరా చేయవలెను అని అందులో ఉంది. కూలర్లు ఆపమని లేదు. పరీక్షించమని లేదు. ప్లగ్గు మాట లేదు. చదివి, కాగితాన్ని బల్లమీద కొట్టి, మళ్లీ తీసి చదివాను. ఆ అంగడివాడి తెలివికి ప్రభుత్వం ముద్ర వేసి పంపింది. నేను చూసిన ఉత్తర్వుల్లో ఇంత బిరబిరా అమలైనది ఇంకోటి లేదు, నెల తిరక్కుండా కొత్త చెప్పులు కేంద్రాలకు చేరాయి.

ఆళ్లగడ్డకు పోవడానికి కాళ్లు రాలేదు. అయినా పోయాను. వార్త నాకన్నా ముందే చేరింది. వాకిట్లో కూర్చున్న అత్త పేపరు ముక్కను మడిచి రవికలో పెట్టుకుని ఉంది, నన్ను చూసి బయటికి తీసింది.

"సూడండమ్మా, సర్కారోళ్లే రాసినారు. కూలర్ ముట్టుకోవాలంటే చెప్పులు ఉండాలంట. నేను మొదటినుంచి అదే కదా చెప్తాండా. ఆ చెప్పులు ఆడ ఉండింటే నా కొడుకు బతికుండేటోడు."

కోడలు గుమ్మంలో నిలబడి వింటోంది. నా మీద కోపం లేదు ఆ ముఖంలో, అదే నాకు భరించరానిదైంది. "పోనీలేండి టీచరమ్మా, మీరు చెప్పాలనే చూసినారు. మా అత్త అనేది అబద్ధం కాదని ఇప్పుడు నాకూ తెలిసిపాయె. సర్కారు గూడా అదే అనింది కదా" అంది. అంతవరకు ఆమెకు అనుమానమైనా ఉండేది. నా పోరాటం దాన్ని కూడా తీసేసింది.

ఆ సందులో నిలబడి అరిచాను. తప్పు కూలర్‌ది, చేసినవాడిది, అమ్మినవాడిది, చూడాల్సిన చోట కళ్లు మూసుకున్నవాళ్లది, ఈ పిల్లది కాదు, కాదు అని సభలో అనాల్సిందంతా ఆ సందులో అన్నాను. ఇళ్లల్లోంచి జనం బయటికొచ్చారు. అత్త నేను ఆగేదాకా ఆగి, "మీరు మంచోళ్లేనమ్మా, గాని కాగితంలో అట్ల ల్యాదు కదా" అంది.

అదే ప్రశ్న మళ్లీ ఇచ్చాను. ఈసారి ఉత్తర్వు రద్దు చేయమని కూడా కలిపాను. పార్టీ పెద్దలు, ఇక చాల్లేమ్మా అన్నారు, చాలదు అన్నాను. ఆళ్లగడ్డకు పోయిన ఆ రోజు నేను తిరిగి బయల్దేరితే కోడలు నన్ను కారు దాకా సాగనంపింది. కారు డిక్కీలో నేను కొనుక్కొచ్చిన కొత్త చెప్పులున్నాయి, తీసి ఇచ్చాను. అందుకుంది, చంకలో పెట్టుకుంది, వానాకాలమైనా ఎండకు కాలుతున్న ఆ రోడ్డు మీద వట్టి కాళ్లతోనే ఇంటికి నడిచింది.